చిన్న చేతులకు చిన్న రివాల్వరట!

“మీ చేతులు చిన్నవి కదండీ, మీకు ఇదైతే సరిగ్గా సరిపోతుంది” అంటూ కౌంటర్ వెనకున్నాయన దాన్ని నా ముందు పెట్టాడు. చూడగానే ముచ్చటేసింది. అరచేతిలో ఒదిగిపోయింది. పక్కనున్న పెద్ద రివాల్వర్లు దాని ముందు కంసాలి కొట్లో కమ్మరి సుత్తుల్లా అనిపించాయి. ఆయన మాటలో అనుమానించాల్సిందేమీ కనపడలేదు. చిన్న పాదానికి చిన్న చెప్పు, చిన్న చేతికి చిన్న తుపాకి. లెక్క సరిపోయినట్టే ఉంది.

ఆ లెక్క ఎక్కడ తప్పిందో తెలియడానికి నాకు నాలుగు నెలలూ, దాదాపు 600 తూటాలూ పట్టాయి.

లైసెన్సు తతంగం ఒక్కో చోట ఒక్కో రకం కాబట్టి దాని జోలికి పోను. తుపాకి చేతికొచ్చాక జరిగిందే చెబుతాను.

ముందు అదేమిటో చెప్పాలి. అయిదు తూటాలు పట్టే రివాల్వర్. .38 స్పెషల్ తూటా. బ్యారెల్ రెండంగుళాలకు కాస్త తక్కువ. ఫ్రేము అల్యూమినియంది, తూటాలు నింపే గుండ్రటి సిలిండరూ బ్యారెలూ ఉక్కువి. ఖాళీగా ఉంటే 430 గ్రాములు, అయిదు తూటాలూ నింపితే ఇంకో 75 గ్రాములు. తూటాని కొట్టి పేల్చే హ్యామర్ ఫ్రేము లోపలే దాగి ఉంటుంది, బయటికి కొమ్ములా పొడుచుకు రాదు. తీసేటప్పుడు బట్టలకు తగులుకోకుండా ఈ ఏర్పాటు. దీనివల్ల వచ్చే ఇంకో సంగతి మాత్రం కౌంటర్ దగ్గర నాకు తట్టలేదు. హ్యామర్‌ని బొటనవేలితో ముందే వెనక్కి లాగి పెట్టుకుని, తర్వాత ట్రిగ్గర్‌ని తేలిగ్గా నొక్కి కాల్చే వీలు ఇందులో లేదు. ప్రతి తూటాకూ ట్రిగ్గరే హ్యామర్‌ని ఎత్తాలి, సిలిండర్‌ని తిప్పాలి, చివర్లో హ్యామర్‌ని వదలాలి. మూడు పనుల బరువూ ఒక్క చూపుడువేలి మీదే.

(.38 అన్న పేరు చూసి గుండు వ్యాసం అంగుళంలో 0.38 వంతు అనుకోకండి. నిజానికి అది 0.357. పాతకాలపు తూటాల ఇత్తడి తొడుగు వెడల్పుని బట్టి పెట్టిన పేరు అలాగే నిలిచిపోయింది.)

ఈ తరహా కొత్తదేమీ కాదు. కోల్ట్ వాళ్ళు డిటెక్టివ్ స్పెషల్ అని ఆరు తూటాల పొట్టి రివాల్వర్‌ని 1927లో తెచ్చారు. స్మిత్ అండ్ వెసన్ వాళ్ళు 1950లో అయిదు తూటాల చీఫ్స్ స్పెషల్ తెచ్చారు. ఆ ఏడాది అమెరికాలో జరిగిన పోలీసు అధిపతుల సమావేశంలో దాన్ని చూపించి, పేరు కూడా అక్కడ ఓట్లు వేయించే పెట్టారు. ఆరింటిలో ఒకటి తీసేస్తే సిలిండర్ సన్నబడుతుంది. ఒంటి మీద పెట్టుకుని తిరిగేవాళ్ళకు ఆ కొద్ది మిల్లీమీటర్లే లోకం. నాదీ ఆ వంశమే, పుట్టింది మాత్రం మొన్న.

కాల్చడం సాధన చేసే రేంజ్‌లో నాకు నేర్పే మాస్టారు సైన్యంలో చేసి రిటైరయిన మనిషి. మాట తక్కువ. మొదటి రోజు దాన్ని చేతిలోకి తీసుకుని, సిలిండర్ తెరిచి, ఖాళీగా ఉందని కళ్ళతో ఒకసారీ వేలితో ఒకసారీ చూసుకుని, “ఎవరు కొనమన్నారమ్మా?” అన్నారు.

“కౌంటర్ దగ్గరాయన, మాస్టారూ.”

“ఆయన కాల్చి చూశాడటా దీన్ని?”

నా దగ్గర జవాబు లేదు. చెవుల్లో మెత్తటి బిరడాలు పెట్టించి, వాటి మీద మళ్ళీ ఇయర్ మఫ్‌లు పెట్టించారు. రెండూ ఎందుకని అప్పుడు విసుక్కున్నాను. పొట్టి బ్యారెల్ అంటే పేలుడు ముఖానికి అంత దగ్గర అని అర్థం. ఇలాంటివాటి చప్పుడు 150 డెసిబెల్స్ దాటుతుంది. చెవికి ఒక్క దెబ్బతో హాని చేయడానికి 140 చాలు.

ఏడు మీటర్ల దూరంలో కాగితం మీద అన్నం పళ్ళెమంత వృత్తం. మొదటి తూటా కాల్చాను. అది పేలడం అనిపించలేదు, ఎవరో బ్యాట్‌తో నా అరచేతిని కొట్టినట్టనిపించింది. రెండో పదికి వచ్చేసరికి బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య చర్మం ఎర్రబడింది. ట్రిగ్గర్ చుట్టూ ఉండే కమ్మీ ప్రతిసారీ వెనక్కి వచ్చి నడిమి వేలి కణుపు మీద ఠక్కున మొట్టేది. మా చిన్నప్పటి లెక్కల టీచరు స్కేలు గుర్తొచ్చింది. 25 కాల్చాను. వృత్తంలో పడినవి 11. మిగతావి ఎక్కువ భాగం కిందికీ ఎడమకీ పోయాయి, రెండు కాగితాన్నే తాకలేదు.

తర్వాత అన్నయ్య తన రివాల్వర్ ఇచ్చాడు. నాలుగంగుళాల బ్యారెల్, మొత్తం ఉక్కు, దాదాపు కిలో బరువు. నా ‘చిన్న చేతులకు’ పనికిరాదని కౌంటర్ దగ్గర పక్కన పెట్టేసిన రకం. అదే పెట్టెలోని తూటాలు, అదే దూరం, అప్పటికే నొప్పెడుతున్న అదే చేయి. 25లో 23 వృత్తంలో పడ్డాయి.

ఇంటికొస్తూ దారి పొడుగునా నేనేం మాట్లాడలేదు. అన్నయ్య కూడా నవ్వలేదు, అందుకు ఇప్పటికీ థాంక్స్.

తర్వాత కూర్చుని ఆలోచిస్తే ఇందులో రహస్యమేమీ లేదు. గుండు ముందుకు దూసుకుపోయే ఊపు రెండు తుపాకుల్లోనూ దాదాపు ఒకటే. ఆ ఊపుకి ఎదురు నిలబడే బరువు నా దాంట్లో సగం. బరువు సగమైతే తుపాకి రెట్టింపు వేగంతో వెనక్కి తంతుంది, చేతిలో దిగే శక్తీ రెట్టింపే. తేలికగా ఉందని మురిసిపోయి కొన్న ఆ తేలికదనమే నన్ను కొడుతోంది. ఇక ట్రిగ్గర్. మాస్టారు స్ప్రింగు కాటాతో లాగి చూపించారు, అయిదు కిలోల పైచిలుకు. దాదాపు అర కిలో ఉండే వస్తువుని, దాని బరువుకి పది రెట్ల బలంతో లాగుతూ, కదలకుండా పట్టుకోవాలన్నమాట. కిలో తుపాకి అయితే దాని బరువే దాన్ని కొంత నిలబెడుతుంది.

దీనికి తోడు సైట్లు, అంటే గురి చూసుకునే గుర్తులు. ముందు సైటుకీ వెనక గాడికీ మధ్య దూరం నా దాంట్లో తొమ్మిది సెంటీమీటర్లు. ఆ రెండింటి వరసలో ఒక్క మిల్లీమీటర్ తేడా వస్తే ఏడు మీటర్ల దగ్గర దాదాపు ఎనిమిది సెంటీమీటర్లు పక్కకి పోతుంది. అన్నయ్య దాంట్లో అదే తప్పుకి అయిదు కూడా పోదు. పైగా నా ముందు సైటు నల్లది, వెనక గాడి నల్లది, కాగితం మీద బొమ్మా నల్లదే. రెండో వారం ముందు సైటుకి గోళ్ళ రంగు పూశాను, కింద తెల్లది ఒక పూత, దాని మీద ముదురు నారింజ. నాలుగు నెలల్లో నేను చేసిన మార్పులన్నిటిలో చవకైనదీ, వెంటనే ఫలితం చూపించిందీ ఇదే. మాస్టారు చూసి ఏమీ అనలేదు. మరుసటి వారం తన దగ్గర నేర్చుకునే ఇంకో అబ్బాయితో “గోళ్ళ రంగు తెచ్చుకో” అనడం విన్నాను.

కౌంటర్ దగ్గరాయన చెప్పినదాంట్లో ఒక్క నిజం ఉందని ఒప్పుకోవాలి. పిడి వెనక భాగం నుంచి ట్రిగ్గర్ దాకా ఉన్న దూరం చిన్న ఫ్రేముల్లో తక్కువ. పొట్టి వేళ్ళకు అది అందుతుంది. అయితే దెబ్బ తగ్గించుకోవాలని నేను మొదట కొన్న పెద్ద రబ్బరు పిడి ఆ ఒక్క సుఖాన్నీ తీసేసింది. వెనకంతా మందంగా కప్పేసి ఉండటంతో చేతికి నొప్పి తగ్గింది గానీ, చూపుడువేలు కొసతో మాత్రమే ట్రిగ్గర్ అందేది. కొసతో అయిదు కిలోలు లాగితే తుపాకి పక్కకి తిరుగుతుంది. తుపాకితో వచ్చిన పిడికి తిరిగి వెళ్తే చిటికెనవేలికి చోటు లేదు, అది కింద గాలిలో వేలాడుతుంది. చిటికెనవేలు ఏం చేస్తుందిలే అనుకుంటాం గానీ, తుపాకి ముక్కు పైకి లేవకుండా ఆపడంలో దాని వాటా పెద్దది. చివరికి మూడోది కుదిరింది. కింద మూడు వేళ్ళూ పట్టేంత పొడుగు, వెనక మాత్రం రబ్బరు లేకుండా ఫ్రేము బయటికే ఉంటుంది. నొప్పి కొంచెం ఉంది, వేలు మాత్రం ట్రిగ్గర్ మీద సరిగ్గా మొదటి కణుపు దాకా పడుతోంది. జేబులో మునుపంత బాగా దాగదు. పోనీ.

పట్టు విషయంలో ఇంకొకటి. అన్నయ్య దగ్గర ఒకప్పుడు పిస్టల్ ఉండేది, దాన్ని పట్టుకోవడం నాకు తనే నేర్పాడు, రెండు బొటనవేళ్ళూ ముందుకి చాచి. అదే అలవాటుతో దీన్ని పట్టుకుంటే మాస్టారు కాల్చకముందే ఆపి, నా ఎడమ బొటనవేలిని లాగి వెనక్కి పెట్టారు. రివాల్వర్లో సిలిండర్‌కీ బ్యారెల్‌కీ మధ్య సన్నటి సందు ఉంటుంది, కాగితం మందమో రెండు కాగితాల మందమో. తూటా పేలినప్పుడు ఆ సందులోంచి మండే వాయువు కత్తిలా పక్కలకి చిమ్ముతుంది. పొట్టి తుపాకి మీద వేళ్ళు ఆ సందుకి చేరడం చాలా సులువు. నమ్మకం కుదరడానికి ఆయన ఆ సందు పక్కన ఒక కాగితం ముక్క అతికించి కాల్చి చూపించారు. కాగితం చిరిగి, అంచులు నల్లగా కమిలాయి. ఆ తర్వాత నా వేలు మళ్ళీ అటు పోలేదు.

కిందికీ ఎడమకీ పోయే గుళ్ళ సంగతి డమ్మీ తూటాలతో బయటపడింది. మాస్టారు నాకు కనపడకుండా మూడు నిజమైనవీ రెండు డమ్మీలూ కలిపి నింపి, సిలిండర్ తిప్పి మూసి ఇస్తారు. ఏది ఎప్పుడొస్తుందో మనకి తెలియదు. ఈ పరీక్షకి రివాల్వర్ని మించింది లేదు. డమ్మీ వచ్చినప్పుడు తుపాకి పేలదు కాబట్టి తన్నేదీ లేదు, అయినా నా చేతిలో దాని ముక్కు టక్కున నేలకి వంగింది. అంటే దెబ్బ తగలబోతోందని చేయి ముందే కాచుకుని, ట్రిగ్గర్ పూర్తయ్యేలోపే కిందికి నొక్కేస్తోంది. భయపడటం లేదనే అనుకున్నాను. చేయి నన్నడిగి భయపడదు కదా.

దానికి మందు ఇంట్లోనే ఉంది. ఖాళీ తుపాకి, అయిదు డమ్మీలు, ఒక నాణెం. అసలు తూటాల పెట్టె వేరే గదిలో తాళం వేసి, తుపాకి ఖాళీ అని రెండుసార్లు చూసుకుని, మందపాటి గోడ వైపు తిరిగి, బ్యారెల్ మీద ముందు సైటు వెనకాల నాణెం నిలబెట్టి ట్రిగ్గర్ లాగాలి. నాణెం పడకూడదు. వరసగా ఇరవై సార్లు పడకుండా లాగగలిగితే చేయి తిరిగినట్టని మాస్టారి లెక్క. మొదటి వారం ఒక్కసారి కూడా నిలవలేదు. నేర్చుకున్నదేమిటంటే, మధ్యలో ఆగకూడదు. సిలిండర్ తిరిగి టిక్కుమన్నాక కాస్త ఆగి, గురి సరిచేసుకుని మిగతాది లాగుదామనిపిస్తుంది. అక్కడే చేయి వణికి నాణెం పడుతుంది. బావిలో చేద తోడినట్టు ఒకే ఒరవడిలో చివరిదాకా లాగి, అదే ఒరవడిలో పూర్తిగా వదలాలి. సగం వదిలి మళ్ళీ లాగితే ఒక తూటా దాటేసి పోయే ప్రమాదం ఉంది. కంగారులో నేను రెండుసార్లు చేశాను.

రెండో నెలలో టెన్షన్ పెట్టిన సంగతి ఒకటి జరిగింది. ఒక రోజు నలభయ్యో తూటా దగ్గర ట్రిగ్గర్ బిగుసుకుపోయింది. రెండు వేళ్ళతో లాగినా కదల్లేదు. తుపాకిని లక్ష్యం వైపే ఉంచి, చేయెత్తి మాస్టారిని పిలిచాను. బలం పెట్టి ఎలాగో సిలిండర్ తెరిచాం, మళ్ళీ మూస్తే సరిగ్గా పడలేదు. నేను అప్పటికే మనసులో తయారు చేసినవాళ్ళని నాలుగు తిట్టేశాను. కొత్త తుపాకి, రెండు నెలలైనా కాలేదు, వారంటీ కాగితం ఎక్కడ పెట్టానో! మాస్టారు తన పెట్టెలోంచి అరిగిపోయిన టూత్‌బ్రష్ తీశారు. సిలిండర్ వెనక ఖాళీ కేసుల్ని బయటికి నెట్టే నక్షత్రం ఆకారపు పలక ఉంటుంది. (కేసులంటే కోర్టు కేసులు కావు, కాల్చాక మిగిలే ఇత్తడి తొడుగులు.) ఆ పలకను పైకి లేపి కింద బ్రష్‌తో రుద్దితే కాలీ కాలని తుపాకిమందు పలుకులు నాలుగైదు రాలాయి. అంతే. ఆవగింజలో సగం లేవు. అవి అడ్డుపడి పలక తన చోట్లో కూర్చోక, సిలిండర్ వెనక భాగం ఫ్రేముని రాసుకుంటోంది.

తప్పు నాదే. పొట్టి బ్యారెల్ కింద కేసుల్ని నెట్టే కడ్డీ కూడా పొట్టిదే, తొడుగుల్ని ముప్పాతిక వంతు మాత్రమే బయటికి తోస్తుంది. ఆ మిగతా పావు కోసం నేను తుపాకిని పడుకోబెట్టి, మెల్లగా నొక్కి, వేళ్ళతో ఒక్కొక్కటీ పీకేదాన్ని. పలుకులు అక్కడే రాలేవి. సిలిండర్ తెరిచాక ముక్కు నిటారుగా పైకి పెట్టి, కడ్డీని అరచేత్తో ఒక్క చరుపు చరిస్తే తొడుగులూ పలుకులూ అన్నీ నేలకి పోతాయి. సిలిండర్ తెరిచి ఉన్నప్పుడు తుపాకి పేలదు కాబట్టి పైకి పెట్టడంలో ప్రమాదం లేదు. అప్పటినుంచి ఆ సమస్య రాలేదు. టూత్‌బ్రష్ మాత్రం నా సంచిలోనూ చేరింది.

తూటాల దగ్గర నా రుచి త్వరగానే తేలింది. సాధనకి 148 గ్రెయిన్ల వాడ్‌కట్టర్లు, అంటే ముక్కు చదునుగా ఉండే సీసపు గుళ్ళు (గ్రెయిన్ అంటే గుండు బరువుని కొలిచే చిన్న కొలత). తన్ను తక్కువ, కాగితానికి పంచింగ్ మెషిన్‌తో కొట్టినట్టు గుండ్రటి చిల్లు పెడతాయి, ఎక్కడ పడిందో వెతుక్కోనక్కర్లేదు. ముక్కు చదును కాబట్టి తొందరలో నింపేటప్పుడు అంచులకు తగులుకుని విసిగిస్తాయి, అదొక్కటే. 158 గ్రెయిన్ల మామూలువి కాలిస్తే గుళ్ళు కాస్త పైకి పడుతున్నాయి. వాటి తన్ను ఎక్కువ, గుండు బ్యారెల్ దాటేలోగా ముక్కు ఇంకాస్త లేస్తుంది. ఇంకా గట్టిగా పేలే ప్లస్ పి తూటాలు ఒక్క పది కాల్చి పెట్టె మూసేశాను. తుపాకి ఓర్చుకుంటుందని రాసే ఉంది, నా మణికట్టు గురించి ఎక్కడా రాయలేదు. వాటితో ఒక్క పరీక్ష మాత్రం చేశాను. నాలుగు కాల్చి, కాల్చని అయిదోదాన్ని తీసి కొత్త తూటా పక్కన పెట్టి పొడవు చూశాను. తేలికపాటి తుపాకుల్లో వెనక్కి తన్నే కుదుపుకి మిగతా తూటాల గుళ్ళు తొడుగుల్లోంచి ముందుకి జారతాయి, మరీ జారితే సిలిండర్ తిరగకుండా అడ్డుపడతాయి. నావి జారలేదు.

శుభ్రం చేయడం పదిహేను నిమిషాల పని. రివాల్వర్ బ్యారెల్‌కి వెనక నుంచి దారి ఉండదు కాబట్టి ముక్కు వైపు నుంచే కడ్డీ దూర్చాలి, కొస అంచు గీసుకోకుండా చూసుకోవాలి. సిలిండర్ ముందు ముఖం మీద పడే నల్ల వలయాల్ని మొదట్లో గంటలు గంటలు రుద్దాను. అవి మళ్ళీ అయిదు తూటాలకే వస్తాయి. ఇప్పుడు వదిలేశాను. వదలనిది ఒకటే, చేతులు కడుక్కోవడం. సీసం చేతికి అంటుతుంది, కాబట్టి రేంజ్ నుంచి వచ్చాక చల్లటి నీళ్ళతో సబ్బు పెట్టి కడిగాకే మంచినీళ్ళైనా.

ఇంట్లో ఉంటే తాళం పెట్టెలోనే, బయటికి తీస్తే ట్రిగ్గర్‌ని పూర్తిగా కప్పే ఒరలోనే. ఉత్త జేబులో తాళం చెవులతో కలిపి వేసుకునే వస్తువు కాదిది, ట్రిగ్గర్ ఎంత బరువైనా సరే.

పోయిన వారం లెక్క: ఏడు మీటర్ల దగ్గర 25లో 22. అన్నయ్య తుపాకితో అదే రోజు 25కి 25. ఆ తేడా ఎప్పటికీ పూర్తిగా పోదని నాకు తెలిసిపోయింది. కొత్తగా నేర్చుకునేవాళ్ళు, చేతులు ఎంత చిన్నవైనా సరే, నాలుగంగుళాల ఉక్కు తుపాకితో మొదలుపెట్టడమే మంచిదని నా ఉద్దేశం. పొట్టిది రెండోదిగా కొనాల్సింది. నేను తిరగేసి చేశాను.

“మార్చుకుందామా?” అని అన్నయ్య రెండుసార్లు అడిగాడు. వద్దన్నాను. ఇంత తన్నించుకున్నాక దాన్ని ఇంకొకరికి ఇచ్చేయడానికి మనసొప్పలేదు. నిన్న రాత్రి నాణెం పదిహేడోసారికి పడింది. దొర్లుకుంటూ బీరువా కిందికి పోయింది. ఇంకా తియ్యలేదు.